సగం దారిలో కుదుపు

మా నాన్న పుట్టిన రోజు సంగతి మా ఇంట్లో ఎవరు చెప్పినా మా మేనత్తతోనే మొదలుపెడతారు. నాన్న పుట్టింది ఒక పెద్దాసుపత్రి పై అంతస్తులో. అత్తయ్యది అప్పుడు అక్షరాలు కూడబలుక్కుని చదివే వయసు. తాతయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని లిఫ్టు ఎక్కించాడు. అంతకుముందు అత్తయ్య లిఫ్టన్నదే చూడలేదు. మడత పడే ఇనుప కటకటాల తలుపు, లోపల స్టూలు మీద ఖాకీ చొక్కా లిఫ్టాయన, ఆయన చేతి కింద అరిగి మెరుస్తున్న ఇత్తడి పిడి. పిడి తిప్పగానే గది గదంతా పైకి లేచింది. కటకటాల సందుల్లోంచి అంతస్తులు కిందికి జారిపోతుంటే అత్తయ్య నోరెళ్ళబెట్టి చూసింది. పైకెళ్ళాక తాతయ్య దిగాడు. అత్తయ్య దిగనంది.

కాసేపటికి నర్సు వచ్చి, “నీకు తమ్ముడు పుట్టాడమ్మా, చూద్దువుగాని రా,” అంది.

“వస్తాగానీ, ముందు ఈ గదిని పైనుంచి ఎవరు లాగుతున్నారో చెప్పండి,” అంది అత్తయ్య.

లిఫ్టాయనకి నవ్వొచ్చింది. పని దిగే వేళకి ఆవిణ్ణి మేడ మీదున్న మోటారు గదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక పెద్ద చక్రం, దాని మీదుగా నూనె వాసన కొడుతున్న ఉక్కు తాళ్ళు. తాళ్ళకి ఒక పక్క మనుషులెక్కే పెట్టె, రెండో పక్క ఇనుప దిమ్మెలు పేర్చిన చట్రం. ఆ చట్రాన్ని కౌంటర్ వెయిట్ అంటారు. పెట్టె పైకి వస్తుంటే దిమ్మెలు కిందికి పోతాయి, పెట్టె కిందికి పోతుంటే దిమ్మెలు పైకి వస్తాయి. బరువుకి బరువు సరిపోతుంది కాబట్టి మోటారు మీద పెద్ద భారం పడదు. ఆయన చేతులు పైకీ కిందికీ ఆడిస్తూ ఇదంతా చెప్తుంటే అత్తయ్య చప్పట్లు కొట్టిందట.

“నా మొహం కంటే ముందు మోటారు మొహం చూసింది మా అక్క,” అని నాన్న ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

“అది నీలా గుక్కపెట్టి ఏడవలేదురా, అందుకే నచ్చింది,” అంటుంది అత్తయ్య.

ఆ పిల్లే పెద్దయి లిఫ్టుల ఇంజనీరయింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చేతిసంచీలో దువ్వెన ఉంటుందో లేదో చెప్పలేం గానీ టార్చిలైటూ, కొలతల టేపూ మాత్రం తప్పకుండా ఉంటాయి. ఏ కొత్త భవనంలోకి వెళ్ళినా లిఫ్టు ఎక్కగానే మాటలాపి చెవి ఒగ్గుతుంది. “రోలర్లు ఎండిపోయాయి పాపం,” అనో, “అబ్బ, ఎంత మెత్తగా ఆగిందో చూశారా!” అనో పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని వాళ్ళతో అనేస్తుంది. మామయ్య సిగ్గుతో చచ్చిపోయేవాడు. అసలు మామయ్యకి లిఫ్టంటేనే గుండెదడ. లిఫ్టుల ఇంజనీరుని కట్టుకుని కూడా ఇన్నేళ్ళూ మెట్లమీదే నడిచాడు. “మా ఆయన మోకాళ్ళు చూడండి, ఎంత గట్టివో!” అని అత్తయ్య అందరి ముందూ గొప్పలు పోతుంది.

నేను చెప్పబోయేది నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి మాట. అప్పట్లో అత్తయ్య ఊళ్ళోకెల్లా ఎత్తైన ఆఫీసు భవనంలో లిఫ్టుల బాధ్యత చూసేది. నాకేమో సైన్సంటే ఒళ్ళుమంట. మరీ ముఖ్యంగా ఫిజిక్సు. నిర్వచనాలు కళ్ళు మూసుకుని వల్లించేదాన్ని. ఎక్కడైనా ఒక ముక్క మరిచిపోతే మొత్తం కుప్పకూలేది. ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు నా వల్లెవేత విని అత్తయ్య చెవులు మూసుకుంది.

“ఏంటే కోడలుపిల్లా, త్వరణం గురించి చదువుతున్నావా, ఎవరినైనా తిడుతున్నావా?”

“రేపు పరీక్ష అత్తయ్యా. కదిలించకు, పోతుంది.”

“ఏం పోతుంది?”

“వచ్చింది పోతుంది!”

అత్తయ్య నా చేతిలో పుస్తకం లాక్కుని మూసేసింది. “వదినా, దానికి రేపు పరీక్ష!” అని అమ్మ వంటింట్లోంచి అరుస్తూనే ఉంది. అత్తయ్య మా బాత్రూములో ఉన్న బరువు చూసుకునే మిషను చంకన పెట్టుకుని, నన్ను లాక్కుని వాళ్ళ అపార్టుమెంటుకి తీసుకుపోయింది. లిఫ్టులో మిషను నేలమీద పెట్టి, నన్ను ఎక్కమంది. “పైకి లేచేటప్పుడు నీ బరువు పెరుగుతుంది చూడు. ఆగేటప్పుడు తగ్గుతుంది. కళ్ళారా చూశాక వల్లించక్కర్లేదు.”

బొత్తాం నొక్కింది. లిఫ్టు లేచింది. మిషను మీద అంకెలు చూశాను. ఏమీ మారలేదు. మళ్ళీ కిందికి వచ్చాం, మళ్ళీ పైకి వెళ్ళాం. నా బరువు నా బరువులాగే ఉంది, రాయిలా.

“పుస్తకంలో ఉన్నదంతా అబద్ధమన్నమాట,” అన్నాను. నాకు లోలోపల చాలా సంతోషంగా ఉంది.

అత్తయ్య మొహం చూడాలి అప్పుడు. చిన్నబోతుందనుకున్నాను. ఎవరో బహుమతి చేతిలో పెట్టినట్టు వెలిగిపోయింది. “రాలేదేంటి? ఎందుకు రాలేదు? రావాలే!” అంటూ మిషనుని తిరగేసి, బోర్లించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాం. లిఫ్టు కోసం చూసి చూసి విసుగెత్తిన పైయింటి పెద్దాయన తలుపు తెరుచుకోగానే, “అమ్మా, మీ ప్రయోగం అయ్యాక నన్ను కూడా కాస్త దింపండి,” అన్నాడు.

ఆయన దిగుతుండగా అత్తయ్యకి తట్టింది. “అంకెల మిషను కదా! మనిషి ఎక్కి కాస్త అటూ ఇటూ ఊగినా అంకె వణక్కూడదని, ఒకసారి బరువు తేలాక అక్కడే ఆపేస్తారు. నీ బరువు మారింది కోడలుపిల్లా, మారలేదని ఇది అనుకుంటోంది అంతే. ముల్లు మిషను కావాలి. పద!”

మామయ్య ఆఫీసులో పార్సిళ్ళు తూచే పాత మిషను ఉండేది, గుండ్రటి మొహం, ఎర్ర ముల్లు. మామయ్య మెట్లమీంచి దాన్ని మోసుకొచ్చి మాకు అప్పగించి, లిఫ్టు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నేను ఎక్కాను. బొత్తాం నొక్కగానే ముల్లు గభాల్న ముందుకి దూకింది. కాసేపటికి వెనక్కి వచ్చి కుదురుకుంది. పై అంతస్తు దగ్గర లిఫ్టు ఆగబోతుంటే కిందికి జారింది. నేను కెవ్వుమన్నాను. నా పొట్టలో ఎప్పుడూ కలిగే ఆ గిలి ఉంది చూశారూ, అదే ఆ ముల్లు మీద కనబడుతోంది! త్వరణం అన్న మాట నాకు మొదటిసారి కడుపులో అర్థమైంది.

తర్వాత రోజు పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు, అది వేరే సంగతి. కానీ నేను ఊరుకోలేక ఫిజిక్స్ సార్‌కి చెప్పేశాను. సార్ సన్నగా, పీలగా ఉండేవారు. బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పి, గంట కొట్టగానే నెమ్మదిగా వెళ్ళిపోయేవారు. ఆయన గట్టిగా నవ్వగా ఎవరూ చూడలేదు. నేను ముల్లు మిషను సంగతి చెప్తుంటే సుద్దముక్క చేతిలోనే మరిచిపోయి విన్నారు.

“నిజంగా కదిలిందా?” అన్నారు. “నేను పన్నెండేళ్ళుగా ఆ లెక్క చెప్తున్నానమ్మా. లిఫ్టులో మిషను పెట్టి ఎప్పుడూ చూడలేదు.”

అలా అత్తయ్యకీ సార్‌కీ పరిచయమైంది. ఇద్దరూ మాట్లాడుకుంటే పక్కన మనుషులున్నారన్న ధ్యాస ఉండేది కాదు. మా క్లాసంతటినీ ఆ ఎత్తైన భవనానికి తీసుకురావాలని వాళ్ళే తీర్మానించేశారు. భవనం మేనేజరు ఒప్పుకోవడానికి మాత్రం నానా తంటాలు పడ్డారు. ఆయన మంచివాడే గానీ పిల్లలంటే భయం. “నా గోడలకి ఏమైనా అయితే?” అన్నాడు. “గోడలు అక్కడే ఉంటాయి సార్, మేము లిఫ్టులో ఉంటాం,” అంది అత్తయ్య. చివరికి ఆఫీసులకి సెలవున్న ఒక ఉదయం రమ్మన్నాడు.

వెళ్ళాం. పాలరాయి పరిచిన పెద్ద హాలు, మా చెప్పుల చప్పుడు మాకే తిరిగి వినబడుతోంది. అత్తయ్య పసుపు రంగు హెల్మెట్ పెట్టుకుని, కొత్త పెళ్ళికూతురంత హడావుడిగా ఉంది. ముల్లు మిషనుతో పాటు ఈసారి ఫోన్లు కూడా తెచ్చుకున్నాం. ఫోను లోపల కుదుపుని కొలిచే చిన్న భాగం ఒకటి ఉంటుందనీ, దాన్ని గీతలా తెరమీద చూపించే యాప్‌లు ఉన్నాయనీ సార్ కనిపెట్టారు. నలుగురైదుగురు చొప్పున జట్లుగా విడిపోయి, ఫోను లిఫ్టు నేలమీద పెట్టి, కింది నుంచి పై దాకా, పై నుంచి కింది దాకా తిరిగాం. ఆ లిఫ్టు వేగానికి చెవులు మూసుకుపోయేవి. దిగి వచ్చిన ప్రతి జట్టూ తమ గీత చూపించడానికి తోసుకుంటూ పరిగెత్తింది. పైకెళ్ళినప్పుడు మొదట్లో ఒక గుట్ట, మధ్యలో మైదానం, చివర్లో ఒక గుంట, దిగినప్పుడు అదే తిరగబడి. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే!

అయితే మైదానం మధ్యలో, మొత్తం దారి తిరిగిన అన్ని గీతల్లోనూ, చిన్న ముడి ఉంది. చీమ కుట్టిన చోట దద్దుర్లా.

“ఇదేంటి మేడమ్?” అని అడిగింది మా క్లాసు పిల్ల ఒకతె. ఆ పిల్లని మేమంతా ‘డౌటు’ అని పిలిచేవాళ్ళం. పాఠం అయ్యాక చెయ్యెత్తనిదే ఆమెకి పొద్దు గడిచేది కాదు.

అత్తయ్య నిట్టూర్చింది. “అదా, ఆ కుదుపు నాకు బాగా తెలుసమ్మా. సగం దారిలో ‘ధబ్’ మంటుంది. ఈ ఆఫీసుల వాళ్ళు భవనం కుంగుతోందని కూడా పుకారు పుట్టించారు. లిఫ్టు పట్టాల మీద నడుస్తుంది కదా, పట్టాల అతుకు ఎక్కడో ఎగుడుదిగుడుగా ఉందనుకుని రెండుసార్లు సరిచేయించాం. ఆ పట్టాల మీద దొర్లే రోలర్లు మార్పించాం. మోటారు గదిలో లిఫ్టుని కాపు కాసే తెర మీద చూస్తే అన్నీ పచ్చ దీపాలే. అంతా సవ్యంగా ఉందంటుంది.”

“మరి మేము సగం దగ్గరి అంతస్తు నుంచి ఎక్కినప్పుడు రాలేదు మేడమ్,” అంది డౌటు.

“ఏంటీ?”

“మా జట్టు సరదాగా సగంలో దిగి, మళ్ళీ అక్కడే ఎక్కాం. అదే చోటు దాటాం. కానీ ముడి లేదు. ఇదిగో గీత.”

అత్తయ్య ఆ ఫోను అందుకుని చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, గోడకి ఆనుకుని, ఆ పిల్ల వైపు ఎంత ముద్దుగా చూసిందంటే నాకు ఒళ్ళు మండింది. నా సొంత మేనత్త! నేను తెచ్చిన క్లాసు! నాకంత తెలివైన డౌటు ఎందుకు రాలేదని ఆ రోజు చాలాసేపు కుళ్ళుకున్నాను.

“ఆగండాగండి,” అంది అత్తయ్య. “పట్టా ఎగుడుదిగుడైతే మెల్లగా వెళ్ళినా తగలాలి కదా? గతుకుల రోడ్డు మీద సైకిలు మెల్లగా తొక్కినా ఎత్తేస్తుంది. సగంలో ఎక్కితే ఆ చోటుకి వచ్చేసరికి లిఫ్టు ఇంకా వేగం అందుకోదు. మెల్లగా వెళ్తే పూర్తిగా మాయమయ్యే కుదుపంటే... అది పట్టా కానే కాదు! ఇన్నాళ్ళూ నేను తప్పు చోట వెతుకుతున్నాను!”

తప్పు చోట వెతికానని ఒక పెద్దమనిషి అంత ఆనందంగా అరవగా నేనెప్పుడూ వినలేదు. మేనేజరు గాభరాగా పరిగెత్తుకొచ్చాడు. “ఏం విరిగింది?” అన్నాడు.

“ఏమీ విరగలేదండీ! మాకు తెలీదు! ఎవరికీ తెలీదు!” అంది అత్తయ్య. మా వైపు తిరిగి, “పిల్లలూ, ఈ ప్రశ్నకి జవాబు ఏ పుస్తకం వెనక పేజీల్లోనూ ఇవ్వలేదు. మీ సార్‌కీ తెలీదు, నాకూ తెలీదు. కూర్చోండి, అందరం కలిసి ఆలోచిద్దాం,” అంది.

ఆ చల్లటి పాలరాయి మీదే చతికిలబడ్డాం. ఒకరు భూకంపమన్నారు. ఒకరు తాళ్ళు సాగుతున్నాయన్నారు. నేనూ ఊరుకోకుండా, కరెంటు హెచ్చుతగ్గులవుతోందేమో అన్నాను. అత్తయ్య ఏ ఒక్కదానికీ నవ్వలేదు. ప్రతిదానికీ, “అదే నిజమైతే ఇంకేం జరగాలి?” అని అడిగింది. కరెంటే అయితే ఎక్కడపడితే అక్కడ రావాలి, సగంలోనే ఎందుకు? నా జవాబు అలా రాలిపోయింది. చిత్రంగా నాకేమీ అవమానమనిపించలేదు. ఒక దారి మూసుకుపోతే మిగిలిన దారులు తక్కువయ్యాయి, అంతే కదా.

సార్ అప్పటిదాకా మూల నిలబడి ఉన్నారు. నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు.

“మేడమ్, నేను రోజూ స్కూటరు మీద హైవే ఎక్కుతాను. ఎదురుగా లారీ దూసుకొచ్చి పక్కనుంచి వెళ్ళినప్పుడు స్కూటరు ఒక్క ఊపు ఊగుతుంది. లారీ నన్ను తాకదు. గాలి తోస్తుంది. మెల్లగా వెళ్ళే లారీ అయితే ఏమీ అనిపించదు.” ఆగి, ఇంకా నెమ్మదిగా అడిగారు. “లిఫ్టు పైకీ కిందికీ తిరిగే ఈ గొయ్యిలో దానికి ఎదురు వచ్చేదేమైనా ఉందా?”

అత్తయ్య నెమ్మదిగా ఒక చెయ్యి పైకీ, ఒక చెయ్యి కిందికీ కదిపింది. రెండు చేతులూ సరిగ్గా ఛాతీ ముందు ఒకదాన్నొకటి దాటాయి.

“కౌంటర్ వెయిట్!” అని అరిచింది. “మాస్టారూ! కౌంటర్ వెయిట్! రోజూ నా కళ్ళ ముందే తిరుగుతోందండీ అది! ఎక్కడ బయల్దేరినా రెండూ ఎదురుపడేది సగం దారిలోనే! ఈ గొయ్యి ఇరుకు, గాలి పక్కకి పోవడానికి చోటు లేదు!”

సార్ నవ్వారు. పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. మా క్లాసు మొత్తం ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

అంతా తేలిపోయిందనుకుని మేము లేచి గెంతుతుంటే అత్తయ్య చెయ్యెత్తి ఆపింది. “ఇది చక్కటి ఊహ. ఊహ చక్కగా ఉన్నంత మాత్రాన నిజమైపోదు. నిన్నటిదాకా పట్టాల ఊహ కూడా చక్కగానే ఉంది. ఆ గాలిని మనం చూడాలి.”

“గాలి కనబడదుగా మేడమ్,” అంది డౌటు.

అప్పుడొచ్చింది నాకు! మా డాబా మీద బట్టలారేసినప్పుడు గాలి ఏ వైపు నుంచి వీస్తే చీరలు ఆ వైపుకి ఎగరడం రోజూ చూస్తాను. “అత్తయ్యా, లిఫ్టు నెత్తిమీద గుడ్డ పీలికలు కడదాం! గాలి ఎటు తోస్తే అటు ఎగురుతాయి, ఫోనుతో వీడియో తీద్దాం!” అన్నాను. అత్తయ్య నా బుగ్గలు రెండూ పట్టుకుని అందరి ముందూ ముద్దు పెట్టుకుంది. సిగ్గేసింది గానీ డౌటు వైపు ఒకసారి చూడకుండా ఉండలేకపోయాను.

తుడుపు గుడ్డలు చించి పీలికలు చేశాం. లిఫ్టు పైన ఎక్కే పని మమ్మల్ని ఎవర్నీ చెయ్యనివ్వలేదు. అత్తయ్యా, ఆవిడ దగ్గర పనిచేసే మెకానిక్కూ బెల్టులు కట్టుకుని, కరెంటు ఆపి, ఎవరూ మళ్ళీ వెయ్యకుండా స్విచ్చికి తాళం వేసి, పెట్టె నెత్తిన పీలికలు వరసగా కట్టారు. ఒక దీపం, ఒక ఫోను బిగించి దిగిపోయారు. లిఫ్టుని ఖాళీగా, పూర్తి వేగంతో పైకి పంపారు. అది తిరిగి వచ్చేదాకా మా ఊపిరి మా దగ్గర లేదు.

ఫోను తెచ్చి మేనేజరుగారి బల్ల మీదున్న పెద్ద తెరకి కలిపారు. మేమంతా ఒకరి భుజాల మీంచి ఒకరం తొంగి చూశాం. చీకటి గొయ్యి, తాళ్ళు, గోడమీద అంతస్తుల అంకెలు కిందికి పరుగు. పీలికలన్నీ ఎదురుగాలికి పెట్టె నెత్తికి అణిగి రెపరెపలాడుతున్నాయి. సగం దగ్గరపడింది. పైనుంచి నల్లటి దిమ్మెల చట్రం దూసుకొచ్చింది. అంతే! పీలికలన్నీ ఎవరో కసిరినట్టు ఒక్కసారిగా అవతలి గోడ వైపు విసురుగా పడ్డాయి, మరుక్షణం అంతే విసురుగా దిమ్మెల వైపు లాక్కుపోయాయి. చట్రం దాటిపోయింది. పీలికలు మళ్ళీ అణిగిపోయాయి.

ఎవరు ముందు అరిచారో తెలీదు. మేనేజరు కూడా అరిచాడు. గోడల సంగతి మరిచిపోయి, “మళ్ళీ వెయ్యండి, మళ్ళీ వెయ్యండి!” అంటూ బల్ల చరిచాడు. ఆ ముక్క ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఇంటికొచ్చి అమ్మకి చెప్తుంటే నా మాటలు నాకే అందలేదు. “ముందు మంచినీళ్ళు తాగి చెప్పవే,” అంది అమ్మ.

అత్తయ్య ఆ వీడియో, మా గీతలు, లిఫ్టు తయారుచేసిన కంపెనీకి పంపింది. కొన్నాళ్ళకి జవాబొచ్చింది. ఇంతకంటే వేగంగా వెళ్ళే లిఫ్టుల్లో ఇలాంటిది జరుగుతుందని తమకి తెలుసనీ, ఈ వేగానికి ఇంత గట్టిగా తగులుతుందని అనుకోలేదనీ, గొయ్యి మరీ ఇరుకైనందువల్ల అయ్యుంటుందనీ రాశారు.

నాకు ఉసూరుమంది. “అయితే వాళ్ళకి ముందే తెలుసా? మనం కనిపెట్టిందేమీ లేదన్నమాట!”

“ఓసి పిచ్చిదానా!” అంది అత్తయ్య. “ఎక్కడో ఎవరికో తెలిస్తే నీకేంటి? ఆ రోజు ఆ హాల్లో మనకి తెలీదు. తెలీని చోటు నుంచి తెలిసిన చోటుకి మన కాళ్ళమీద మనం నడిచి వెళ్ళాం. నీ పుస్తకంలో ఉన్న ప్రతి వాక్యాన్నీ ఎవరో ఒకరు ఇలాగే గెంతులేసుకుంటూ కనిపెట్టారే. గెంతులన్నీ తీసేసి వట్టి వాక్యం మీ చేతిలో పెడుతున్నాం. మీకు అది చప్పగా ఉండక ఏం చేస్తుంది?”

ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పింది. మోటారు గదిలో పచ్చ దీపాల తెర ఉంది కదా, దాన్ని పీకి పారెయ్యాలని మేనేజరు గొడవ చేశాడట, ఇంత కుదుపు కనిపెట్టలేనిది ఎందుకని. అత్తయ్య అడ్డుపడింది. “తలుపులు, బ్రేకులు, తాళ్ళు, వేగం, వీటిని చూడమని పెట్టాం, వాటిని అది రెప్పవెయ్యకుండా చూస్తోంది. కుదుపు సంగతి దాన్ని మనమెప్పుడూ అడగలేదు. అడగాల్సింది మనం. ఆ తెర ఉంది కదా అని నేనే చెవి ఒగ్గడం తగ్గించేశాను.” కొన్నాళ్ళకి ఆ తెరకి కుదుపు కొలిచే చిన్న పరికరం కూడా తగిలించింది. యంత్రాలంటే ఆవిడకి ప్రేమ తగ్గలేదు. ఇంకా పెరిగింది.

కంపెనీ వాళ్ళు మరమ్మతుకి నమూనా పంపారు. కౌంటర్ వెయిట్ చట్రానికి పైనా కిందా, పడవ ముక్కులా ఏటవాలుగా ఉండే రేకు తొడుగులు. మొండి గోడలా గాలిని గుద్దకుండా, కోసుకుంటూ పోతుందన్నమాట. రేకు పని చేసే షాపుకి అత్తయ్య నన్నూ తీసుకెళ్ళింది. రేకుని వంచుతుంటే వచ్చే ఆ గణగణ శబ్దం, నిప్పురవ్వలు, మసి పట్టిన కళ్ళద్దాలు. పుస్తకంలో ‘వాయు నిరోధం’ అన్న మాట ఉండేది, వంపు తిరిగిన ఆ రేకు మీద అరచెయ్యి పెట్టి నిమిరితే అది తెలిసింది.

తొడుగులు బిగించిన తర్వాత మళ్ళీ మా క్లాసుని పిలిచారు. ఈసారి ఆఫీసులు నడుస్తున్న రోజు. నేనూ, డౌటూ, అత్తయ్యా, సార్ ఒక లిఫ్టులో. మాతో పాటు టై కట్టుకున్న ఒకాయన ఎక్కి ఫోనులో మునిగిపోయాడు. నేలమీద ముల్లు మిషనూ, దాని మీద డౌటూ. అంతస్తుల అంకెలు పరిగెడుతున్నాయి. సగం వస్తోంది. డౌటు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నేనూ పట్టుకున్నాను. సగం దాటింది. ఎక్కడో దూరంగా ‘హుస్’ మని చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు. ముల్లు కదల్లేదు.

అత్తయ్య ఉండబట్టలేక ఆ టై ఆయన భుజం తట్టింది. “గమనించారా అండీ?”

ఆయన ఉలిక్కిపడి తలెత్తాడు. “ఏంటండీ?”

“ఏమీ అనిపించలేదు కదా?”

“లేదే! ఏమైంది?”

“అదే! అదే కావాలి!” అని అత్తయ్య చప్పట్లు కొట్టింది. ఆయన తన అంతస్తు రాకముందే దిగిపోయాడు.

ఆ ఏడాది ఫిజిక్సులో నాకు మార్కులేమీ ఆకాశాన్ని అంటలేదు. ప్రశ్నపత్రం ఎప్పటిలాగే నిర్వచనాలడిగింది. కానీ సార్ క్లాసు మాత్రం మారిపోయింది. బోర్డు వైపు తిరిగి ఉండడం మానేశారు. వారంలో ఒక రోజు, “ఈ వారం మీకు తెలీనిదేంటి?” అని అడిగేవారు. తెలీదన్న మాట మా క్లాసులో తలదించుకుని చెప్పే మాటగా ఉండడం మానేసింది. డౌటు ఇప్పుడు పెద్ద వంతెనలకి గాలిపోటు లెక్కలు కట్టే చోట పనిచేస్తోంది. మేమిద్దరం ప్రాణస్నేహితులమయ్యాం, పోట్లాడుకోని రోజు లేదు. నేను ఇంజనీరుని కాలేదు. వినికిడి తక్కువైన వాళ్ళకి చెవి మిషన్లు అమర్చే పని చేస్తాను. వచ్చినవాళ్ళకి మిషను పెట్టి, “ఎలా వినబడుతోంది?” అని అడిగి, వాళ్ళు చెప్పింది పూర్తిగా వింటాను. తెర మీద అంకెలు తర్వాత చూస్తాను.

అత్తయ్య రిటైరయింది. కాళ్ళు కాస్త నెమ్మదించాయి, గొంతు నెమ్మదించలేదు. మొన్న మధ్యాహ్నం నేను పనిలో ఉండగా ఫోను చేసింది. వెనకాల జనం గోల, ఏదో పాట.

“కోడలుపిల్లా, ఎక్కడున్నావే? నేను కొత్త షాపింగ్ మాల్‌లో ఉన్నాను. ఇక్కడ ఎస్కలేటర్ చేతిపట్టీ ఉంది చూడు, మెట్ల కంటే కొంచెం ముందుకి జారిపోతోంది. కింద చెయ్యి పెట్టి నిలబడితే పైకెళ్ళేసరికి చెయ్యి నాకంటే ముందుంటోంది! రెండిటినీ నడిపే మోటారు ఒక్కటే కదా, మరి ఈ తేడా ఎక్కణ్ణుంచి వస్తోందంటావ్?”

“పట్టీ అరిగిందేమో అత్తయ్యా.”

“అరిగితే వెనకబడాలిగా, ముందుకెందుకు పోతుంది? నాలుగుసార్లు ఎక్కి దిగాను. సెక్యూరిటీ అబ్బాయి నన్ను అదోలా చూస్తున్నాడు. మీ మామయ్య మెట్ల దగ్గర నిలబడి, ఈవిడెవరో నాకు తెలీదంటున్నాడు. నువ్వు త్వరగా రా. వచ్చేటప్పుడు సుద్దముక్క పట్టుకురా, పట్టీ మీద గుర్తు పెట్టాలి.”

“అత్తయ్యా, నాకింకా ఇద్దరు పేషెంట్లున్నారు!”

“వాళ్ళని చూసుకునే రా. ఇది ఎక్కడికీ పోదు, గుండ్రంగా తిరుగుతూ ఇక్కడే ఉంటుంది,” అని ఫోను పెట్టేసింది.

ఆ ఇద్దర్నీ చూసి పంపించి, పక్క వీధి స్టేషనరీ షాపులో సుద్దముక్కల పెట్టె కొన్నాను. ఆటో ఎక్కుతూనే డౌటుకి ఫోను చేశాను. సంగతి సగం చెప్పానో లేదో, “మెట్లని తిప్పే చక్రం, పట్టీని తిప్పే చక్రం ఒకే సైజా? కొలిచారా?” అని అడిగింది.